విడాకుల కేసు నడుస్తుండగా భరణం, వకీలు ఫీజు: సమాధానం

మీ భర్త హైదరాబాద్‌లో విడాకుల కేసు వేశారు, జీతం 30 వేలే అంటున్నారు, గుంటూరు నుంచి వాయిదాలకు తిరిగే స్తోమత మీకు లేదు, అంతే కదండీ? అదే కేసులో హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద ఐఏ (నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర పిటిషన్) వేయించండి. నెలవారీ మధ్యంతర భరణం, వకీలు ఫీజు, రానుపోను ఖర్చులు విడివిడిగా అంకెలు వేసి అడగాలి. ఊరికే ‘తగిన మొత్తం’ అని రాస్తే నామమాత్రంగా ఇచ్చి సరిపెట్టే ప్రమాదం ఉంది.

రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2020) ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాల్సిందే. ఆయన ఫారం 16 (జీతం, పన్ను కోత చూపే పత్రం), బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయకపోతే తెప్పించమని మరో పిటిషన్ వేయండి. సొంత లోన్ల ఈఎంఐలు చూపించి చేతికొచ్చేది తక్కువనడం పాత ఎత్తే. బీటెక్ చదివినంత మాత్రాన మీకు భరణం ఆగదు. ట్యూషన్ల ఆదాయం మాత్రం దాచకండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి వకీలు ప్రశ్నించేటప్పుడు) బయటపడితే మీ మాటకే విలువ పోతుంది.

ఈ భరణం ఐఏ వేసిన తేదీ నుంచే భరణం లెక్కిస్తారు, ముందు అది వేయించండి.