జర్మనీలో గుమ్మం మీద స్వస్తిక్ వేయొచ్చా?

ఇక్కడ ఎవరైనా కొత్త ఇల్లు తీసుకున్నారంటే మన వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న తప్పదు. నేను చెప్పేది ఒకటే. దేవుడి గదిలో నిక్షేపంగా వేసుకోండి. వీధి తలుపు మీద, కారు బానెట్ మీద మాత్రం వద్దు. హిట్లర్ నాజీ పార్టీ గుర్తు కూడా స్వస్తిక్ ఆకారమే కదా, ఆ నాజీ గుర్తుల్ని నలుగురికీ కనబడేలా పెడితే ఇక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదంటే జరిమానా. మన పసుపు కుంకుమల స్వస్తిక్ కోసం పెట్టిన చట్టం కాదది, నిజమే. కానీ కింది వాటాలో ఉండే పెద్దావిడకి ఆ తేడా తెలియాలని ఎక్కడుంది? ఆవిడ పోలీసులకి ఫోన్ చేస్తే, వచ్చినవాళ్ళకి విఘ్నేశ్వరుడి మహిమ జర్మన్‌లో వివరించాల్సింది మీరే. కొత్త కారుకి ఓంకారం రాయండి, నిమ్మకాయలు తొక్కించండి, ఎవరూ ఏమీ అనరు.

కారంటే నంబరు ప్లేటు గుర్తొచ్చింది. ఊరి అక్షరాల తర్వాత వచ్చే అక్షరాలు, అంకెలు కాస్త ఫీజు కట్టి మనమే ఎంచుకోవచ్చు. ఫ్యాన్సీ నంబర్ల మోజున్న మనవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి! కానీ సాయి శ్రీనివాస్ గారికి ఎస్‌ఎస్ దొరకదు, సాయి అనిల్‌కి ఎస్‌ఏ దొరకదు, నాగ సురేశ్‌కి ఎన్‌ఎస్ దొరకదు. ఎస్‌ఎస్ నాజీల నిర్బంధ శిబిరాలు నడిపిన దళం, ఎస్‌ఏ వీధుల్లో జనాన్ని కొట్టిన మూక, ఎన్‌ఎస్ అంటే ఆ నాజీ సిద్ధాంతమే. 88 కూడా అనుమానమే, ఎనిమిదో అక్షరం హెచ్ కదా, రెండు హెచ్‌లు కలిస్తే ‘హైల్ హిట్లర్’. 1988లో పుట్టి ఈమెయిల్ చివర 88 తగిలించుకున్నవాళ్ళు ఉద్యోగాల దరఖాస్తుకి వేరే ఐడీ వాడుకోవడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఫీసు క్యాంటీన్. మన దగ్గర ట్యూషన్ మాస్టారు గట్టిగా అరిస్తే హిట్లర్ అనేస్తాం. ‘దేశం బాగుపడాలంటే అలాంటోడు రావాలి’ అని టీ కొట్టు దగ్గర అలవోకగా అంటాం. ఆ అలవాటుతోనే ఒక కుర్రాడు ‘కనీసం రోడ్లయినా వేశాడు కదా’ అన్నాడు భోజనాల దగ్గర. అందరూ తలలు వంచుకుని తినేశారు, ఆ తర్వాత చాలా రోజులు అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. పైగా ఆ మాట తప్పు కూడా. కొలోన్, బాన్‌ల మధ్య మోటారు రహదారిని 1932లోనే, హిట్లర్ రాకముందే, అప్పటి కొలోన్ మేయర్ అడెనావర్ ప్రారంభించాడు.

‘జనమే ఓట్లేసి గెలిపించారు కదా’ అన్నది మనవాళ్ళ ఇంకో మాట. 1932 నవంబరులో నాజీలకి వచ్చింది 33 శాతమే. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ని ఛాన్సలర్‌గా, అంటే మన ప్రధానిలాంటి పదవిలో, నియమించాడు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది, తెల్లారేసరికి పౌరహక్కులు రద్దు. మార్చి 23న పార్లమెంటు లేకుండానే చట్టాలు చేసే అధికారాన్ని 444 మంది సభ్యులు ఆయన చేతికిచ్చేశారు. కాదన్నది 94 మంది, అందరూ సోషల్ డెమోక్రాట్లే. కమ్యూనిస్టుల్ని సభలోకే రానివ్వలేదు. మొత్తం ఎనిమిది వారాలు కూడా పట్టలేదు. కాగితాల మీద అంతా పద్ధతిగానే జరిగింది, అందుకే ఇక్కడివాళ్ళకి ఈ విషయంలో జోకులు నచ్చవు.

నాలాగా లైప్‌జిగ్ లాంటి తూర్పు ఊళ్ళలో దిగేవాళ్ళకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1989 నాటికి, కమ్యూనిస్టులు ఏలిన తూర్పు జర్మనీలో, రహస్య పోలీసు స్టాసీలో జీతం తీసుకునేవాళ్ళే 91 వేల మంది, వేగులు దాదాపు దానికి రెండింతలు. మిగిలిన ఫైళ్ళు వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు. ఎవరి ఫైలు వాళ్ళు చూసుకోవచ్చని చట్టం వచ్చాక, వేరా వోలెన్‌బెర్గర్ అనే ఉద్యమకారిణి తన మీద రిపోర్టులు రాసింది కట్టుకున్న మొగుడేనని తెలుసుకుంది. కాబట్టి యాభై దాటిన పొరుగాయన్ని ‘మీవాళ్ళలో ఎవరైనా స్టాసీలో చేశారా’ అని అడక్కండి. ‘1989 అక్టోబరు 9న మీరు రింగు రోడ్డు మీద ఉన్నారా’ అని అడగండి. ఆ రాత్రి ఇక్కడ 70 వేల మంది ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా కొవ్వొత్తులతో నడిచారు, పోలీసులు కాల్చలేదు. ఉన్నవాళ్ళయితే కాఫీ ఇచ్చి మరీ చెబుతారు. అంతేగానీ పక్కింటివాళ్ళ ఫొటోలు అడక్కుండా తీయడం, కాలింగ్ బెల్‌కి కెమెరా బిగించడం చేస్తే కాఫీ కాదు, లాయరు నోటీసు వస్తుంది.

బెర్లిన్ గోడ కూలింది 1989 నవంబరు 9న అయితే జాతీయ సెలవు అక్టోబరు 3న ఎందుకని అడుగుతుంటారు. 1938లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రాత్రి కూడా నవంబరు 9నే. ఆ రోజు పండగ చేయలేక రెండు జర్మనీలు కలిసిన రోజుని తీసుకున్నారు. పౌరసత్వ పరీక్షకి ఇలాంటివి పనికొస్తాయి. 33 ప్రశ్నల్లో 17 రాస్తే చాలు, అందులో నాజీల కాలం, తూర్పు జర్మనీ తప్పకుండా తగులుతాయి.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి మ్యూనిక్ చూస్తామంటే డాఖావ్‌లోని నాజీల నిర్బంధ శిబిరం కూడా చూపించండి. 1933 మార్చి 22న తెరిచారు, పార్లమెంటులో ఆ ఓటింగుకి ఒక్క రోజు ముందు. ఎస్2 రైలెక్కి డాఖావ్‌లో దిగితే స్టేషన్ ముందే 726 బస్సు. ప్రవేశం ఉచితం. చిన్నపిల్లల్ని ఎవరి దగ్గరైనా వదిలి వెళ్ళండి. గేటు ముందు ఫ్యామిలీ సెల్ఫీలు వద్దు. ఒక పూటంతా పడుతుంది కాబట్టి బీరు తోటల ప్రోగ్రాం ఇంకో రోజుకి పెట్టుకోండి.