గేమ్‌లో 250 ఆస్తి... చేతిలో అత్యవసర నిధి సున్నా

ప్రశ్న: నా వయసు 32. భార్య, నాలుగేళ్ల పాప. ఐదేళ్లుగా ఒక ఆన్‌లైన్ మల్టీప్లేయర్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాను. మా గిల్డ్‌కు, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల జట్టుకు, లీడర్‌ని నేనే. నా జీతం 100 అనుకుంటే ఇంటి ఖర్చులకు 72, మ్యూచువల్ ఫండ్‌కు 10 పోతాయి. గేమ్‌కు నెలకు 10 మించదనే అనుకున్నాను. ఏడాదిన్నర స్టేట్‌మెంట్లు తీసి కూడితే సగటున 34 తేలింది. రెండు నెలల ఖర్చుల కోసం దాచిన 144 అయిపోయింది. క్రెడిట్ కార్డు మీద 120, రుణ యాప్‌లో 40 బాకీ ఉంది. కార్డుకు మినిమం డ్యూ మాత్రం తప్పకుండా కడుతున్నాను. ఇంట్లో ఇవేవీ తెలియవు. అయితే నా ఖాతాలోని ఆయుధాలు, మౌంట్లకు (గేమ్‌లో స్వారీ చేసే జంతువులకు) బయట 250 దాకా పలుకుతోంది. దాన్ని అత్యవసర నిధిగా లెక్కేసుకోవచ్చా? 160 పర్సనల్ లోన్ తీసుకుని రెండు అప్పులూ మూసేస్తే ఎలా ఉంటుంది? ఖాతా అమ్మాలంటే ఇప్పుడే అమ్మాలా, వచ్చే నెల యానివర్సరీ ఈవెంట్‌లో ఇంకాస్త బలం పెంచి అమ్మాలా?

జవాబు: మీ లెక్కలో ఒక్క అంకె తీసేస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఆ అంకె 250. దాన్ని కొట్టేసి సున్నా వేయండి. గేమ్‌లు ఆడేవాళ్ల ఉత్తరాల్లో పదే పదే కనిపించే తప్పు ఇదే: ఖర్చయిపోయిన డబ్బుకు ఆస్తి అని పేరు పెట్టడం, ఆ ఆస్తి ఉందన్న ధీమాతో మళ్లీ ఖర్చు పెట్టడం.

అత్యవసర నిధి అనిపించుకోవాలంటే రెండు గుణాలుండాలి. అడిగిన రోజే చేతికి రావాలి, దాచినంతా రావాలి. మీ ఖాతాకు రెండూ లేవు. ఇలాంటి గేమ్‌ల నిబంధనల్లో సాధారణంగా ఉండే మాట ఒకటే: ఆటగాడికి ఇచ్చింది వాడుకునే అనుమతి, వస్తువుల మీద హక్కు కంపెనీదే, ఖాతా ఇంకొకరికి అమ్మడం నిషేధం. అమ్మారని తెలిస్తే ఖాతా మూసేస్తారు. కొనేవాడికీ భయం ఉంటుంది. పాత యజమాని తన మెయిల్, గుర్తింపు వివరాలు చూపించి ఖాతాను వెనక్కి లాక్కోగలడు కదా! అందుకే అడిగే ధర ఒకటి, ముట్టే ధర ఇంకొకటి. మధ్యవర్తి తన వాటా ముందే కోసుకుంటాడు. డబ్బు పంపినట్టు చూపించి ఖాతా పట్టుకుపోయేవాళ్లు సరేసరి. మీరు చూసిన 250 ఎవరో పెట్టుకున్న ప్రకటనలోని అంకె. అదే ఖాతా నిజంగా ఎంతకు అమ్ముడైందో మీకు తెలియదు.

పైగా ఆ విలువ ఎవరి చేతిలో ఉంది? కంపెనీ ఒక ప్యాచ్ (అప్‌డేట్) తెచ్చి మీ ఆయుధం బలాన్ని తగ్గిస్తే మర్నాటికి దానికి బేరం ఉండదు. సర్వర్లే మూతపడొచ్చు కూడా. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే గేమ్ 2011 డిసెంబర్ 15న, సిటీ ఆఫ్ హీరోస్ అనే గేమ్ 2012 నవంబర్ 30న ఆగిపోయాయి. అమ్మకానికి కంపెనీయే దారి తెరిచిన సందర్భాలున్నాయి. డయాబ్లో 3 గేమ్‌లో వస్తువులను అసలు డబ్బుకు వేలం వేసుకునే సదుపాయం 2012లో మొదలై, 2014 మార్చిలో మూతపడింది. 2015లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ టోకెన్ తెచ్చింది. గేమ్‌లో సంపాదించిన బంగారంతో ఆ టోకెన్ కొంటే ఆట సమయమో, అదే కంపెనీ దుకాణంలో వాడుకునే బ్యాలెన్సో వస్తుంది. బ్యాంకు ఖాతాకు మాత్రం రాదు. డబ్బు లోపలికి వెళ్లే తలుపులు చాలా ఉంటాయి, బయటికొచ్చేవి ఉండవు.

ఇక 10 అనుకున్నది 34 ఎలా అయిందో చూద్దాం. ఇది తెలియకుండా ఏ బడ్జెట్ వేసినా రెండో నెలకే చిరుగుతుంది. రాత్రి పదకొండు నలభై. ఈవెంట్ ముగియడానికి ఇరవై నిమిషాలుంది. తెరిస్తే తప్ప లోపల ఏముందో తెలియని పెట్టె ఖరీదు 300 వజ్రాలు (డబ్బు పెట్టి కొనే గేమ్ నాణేలు), మీ దగ్గర 260 ఉన్నాయి. 40 తక్కువ. కానీ 40 వజ్రాలు ఎవరూ అమ్మరు, అన్నిటికన్నా చిన్న ప్యాక్ 500. కొన్నారు, 760 అయ్యాయి. రెండు పెట్టెలు తెరిచారు, 160 మిగిలాయి. మూడో పెట్టెకు 140 తక్కువ. ఇంకో ప్యాక్. ప్యాక్‌ల సైజు, పెట్టెల ధర ఎప్పటికీ కలవవు. కలవకుండానే పెడతారు. వజ్రాలు మధ్యలో అడ్డం ఉండటంతో ఖర్చయింది జీతమన్న సంగతి ఆ రాత్రి కంటికి ఆనదు, స్టేట్‌మెంట్ వచ్చాకే ఆనుతుంది.

పెట్టెలో ఉన్నదానికీ ఒక లెక్కుంది. ఒక వస్తువు వచ్చే అవకాశం 1 శాతం అంటే వంద పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని చాలామంది అనుకుంటారు. వంద తెరిచాక కూడా రాకపోయే అవకాశం సుమారు 37 శాతం. రెండు వందలకు 13 శాతం. మూడు వందలు తెరిచినా నూటికి ఐదుగురు ఉత్త చేతులతోనే ఉంటారు. 'ఇప్పటికే ఇన్ని తెరిచాను, ఇక వచ్చే వంతు నాదే' అనుకోవడం ఇక్కడ చెల్లదు. ఇన్ని పెట్టెల తర్వాత ఖాయంగా ఇస్తామని నియమం రాసి ఉన్న గేమ్‌లు వేరు. వాటిలోనూ ఆ సంఖ్య వరకు లాక్కెళ్లడానికే ఆ నియమం. పైగా తెరపై రాసిన శాతాలు నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. నెక్సాన్ కంపెనీ గేమ్ మేపుల్‌స్టోరీలో, సామగ్రి అదనపు గుణాలను అదృష్టం మీద మార్చే క్యూబ్ అనే వస్తువు విషయంలో అవకాశాలను ఆటగాళ్లకు చెప్పకుండా మార్చారని, కొన్ని మంచి కాంబినేషన్లు అసలు రాకుండా చేశారని దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2024 జనవరిలో నెక్సాన్‌కు సుమారు 1160 కోట్ల వాన్ల జరిమానా వేసింది.

పెట్టెల కన్నా మిమ్మల్ని గట్టిగా పట్టుకున్నది గిల్డ్ అని నా అనుమానం. రోజూ లాగిన్ అయితేనే నిలిచే వరస, వారానికి రెండు మూడు రెయిడ్‌లు (జట్టంతా కలిసి చేసే పెద్ద పోరాటాలు), లీడర్ సామగ్రి వెనకబడితే నలుగురి ముందు పరువు. మామూలు గేమ్ పక్కన పడేస్తే అక్కడే ఆగుతుంది, ఇది మీరు లేకపోయినా నడుస్తూనే ఉంటుంది. అందుకే ఒక్క వారం మానినా ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారీ దశలో ఎక్కువసేపు ఆడితే వచ్చే పాయింట్లు తగ్గించే పద్ధతి పెట్టి చూశారు. ఆటగాళ్లు శిక్షలా ఉందన్నారు. లెక్కను అటుదిటు చేసి, విశ్రాంతి తీసుకుని వస్తే బోనస్ అన్నారు. అందరికీ నచ్చేసింది. మీ యానివర్సరీ ఈవెంట్‌లో బోనస్ అనే మాట విన్నప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు అప్పుల సంగతి. కార్డు మీద వడ్డీ నెలకు 3 శాతం, మినిమం డ్యూ 5 శాతం అనుకుందాం. 120 బాకీకి నెల వడ్డీ 3.6. మీరు కట్టేది 6 పైచిలుకు. అసలులో తగ్గేది రెండున్నర. కొత్తగా ఒక్కటీ కొనకపోయినా బాకీ సగం కావడానికే 32 నెలలు పడుతుంది. 'తప్పకుండా కడుతున్నాను' అని మీరు రాసిన మాటకు విలువ అంతే. ఇక రుణ యాప్! గేమ్ కోసం రుణ యాప్ దగ్గరికి వెళ్లడం గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు. ముందు తీర్చాల్సింది అదే.

పర్సనల్ లోన్ వద్దు. వడ్డీ తక్కువన్నది నిజమే. కానీ ఆ డబ్బుతో కార్డు ఖాళీ అయిన సాయంత్రమే దాని లిమిట్ మళ్లీ నిండుగా కనిపిస్తుంది. ఆర్నెల్లకు లోన్ కిస్తీ ఒకవైపు, కొత్త కార్డు బాకీ ఇంకోవైపు. కార్డు బాకీ తీర్చిన రోజే కార్డు రద్దు చేసి, ఆరు నెలలు గేమ్‌కు ఒక్కటీ పెట్టలేదని స్టేట్‌మెంట్ చూపించగలిగే మనిషికైతే అది పనికొస్తుంది. ప్రస్తుతం ఆ మనిషి మీరు కాదు.

మీ చేతిలో నెలకు మిగిలేది 18. అప్పులు తీరేదాకా ఫండ్ వాయిదా ఆపండి, 28 అవుతుంది. దీంట్లో 20 అప్పులకు, 8 అత్యవసర నిధికి. మొదటి మూడు నెలలు కార్డుకు మినిమం డ్యూ 6 కట్టి, 14 రుణ యాప్‌కు పంపండి. యాప్ వడ్డీ నెలకు 4 శాతం ఉన్నా నాలుగో నెల మొదట్లో ఆ బాకీ తుడిచిపెట్టుకుపోతుంది. అక్కణ్నుంచి మొత్తం 20 కార్డుకే. పదో నెలకు కార్డు కూడా తీరుతుంది. అప్పటికి నిధిలో 80 ఉంటుంది, అంటే ఒక నెల ఖర్చుల కన్నా కాస్త ఎక్కువ. ఆ తర్వాత 28 మొత్తం నిధికి మళ్లిస్తే ఆరు నెలల ఖర్చులు, 432, చేరడానికి ఇంకో 13 నెలలు.

వడ్డీ ఇంత ఉన్నప్పుడు 28 మొత్తం అప్పుకే కట్టొచ్చు కదా అని అడగొచ్చు. కాగితం మీద అదే లాభం. నేను ఒప్పుకోను. నిధి లేని ఇంట్లో పాపకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరితే బిల్లు మళ్లీ ఆ కార్డు మీదికే వెళ్తుంది, మూడు నెలల కష్టం ఒక్క రోజులో పోతుంది. మీ 144 కరిగింది కూడా నిధి ఫోన్‌లోనే, గేమ్ పక్కనే ఉండటం వల్ల. ఈసారి చోటు మార్చండి. జీతం పడే బ్యాంకు కాకుండా వేరే బ్యాంకులో, మీ ఆవిడతో కలిసి ఉమ్మడి ఖాతా తెరవండి. డెబిట్ కార్డు తీసుకోవద్దు, చెల్లింపు యాప్‌లకు కలపవద్దు. జీతం పడ్డ మర్నాడే 8 దానంతట అదే వెళ్లేలా పెట్టండి. అరనెల ఖర్చు 36 వరకు పొదుపు ఖాతాలోనే ఉంచి, పైది చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టండి. అవసరమైతే ఒక్కటే చెరపొచ్చు, మిగతావి కదలవు. అది తీయడానికి మూడే కారణాలు: ఉద్యోగం పోవడం, ఆసుపత్రి, ఇంట్లో ఆగని మరమ్మతు.

ఉమ్మడి ఖాతా అన్నాను కాబట్టి ఇంట్లో చెప్పక తప్పదు. స్టేట్‌మెంట్ల మొత్తం ఒక కాగితం మీద రాసి చూపించండి, మాటల్లో చెబితే 34 మళ్లీ 10 అవుతుంది.

ఫోన్‌లో చేయాల్సినవి ఈ రాత్రికే చేయండి. యాప్ స్టోర్‌లో సేవ్ అయిన కార్డు తీసేయండి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీ ఆవిడనే పెట్టమనండి, వేలిముద్రతో కొనే వీలు ఆపేయండి. నెలవారీ పాస్‌ను స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలోకి వెళ్లి రద్దు చేయాలి. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పాస్ ఆగదు, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. గూగుల్ ప్లేలో బడ్జెట్ పెట్టుకునే వీలుంది కానీ అది హెచ్చరిస్తుందే తప్ప కొనకుండా ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. కంప్యూటర్‌లో గేమ్ సొంత దుకాణంలో కార్డు సేవ్ అయి ఉంటే అదీ చూడండి. బ్యాంకు యాప్‌లో కార్డు ఆన్‌లైన్ వాడకాన్ని ఆఫ్ చేయండి. ఇదంతా అయ్యాక పాత కొనుగోళ్లు నావి కావని బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి రాబట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అవి మీరు కొన్నవే, అది అబద్ధపు ఫిర్యాదు అవుతుంది.

ఈ తాళాలన్నీ వేశాక కూడా ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి టాప్-అప్ చేస్తున్నట్టు గమనిస్తే నా దగ్గరున్న లెక్కలు చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటి కన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, మామూలుగా ఏడాది పాటు ఇలా సాగడం దాని లక్షణాలు. మీది అదో కాదో డాక్టరే చెప్పాలి. ఆ ఫీజు 72లో పెట్టుకోవలసిన ఖర్చే.

మీ మీద ఆధారపడినవాళ్లు ఇద్దరున్నారు. టర్మ్ పాలసీ, కుటుంబ ఆరోగ్య బీమా లేకపోతే వాటి ప్రీమియం కోసం అప్పు వాయిదాలో కొంత తగ్గించినా పర్వాలేదు, పదో నెల పదకొండో నెల అవుతుంది, అంతే.

చివరిగా యానివర్సరీ ఈవెంట్. ఖాతా ఇప్పుడూ అమ్మవద్దు, అప్పుడూ అమ్మవద్దు. బలం పెంచి అమ్మాలన్న ఆలోచనకు మొదటి ఖర్చు మీ జేబులోంచే, అదీ కార్డు మీదే. మూడో ప్రశ్నలో మీరు నన్ను అడిగింది నిజానికి ఇంకో టాప్-అప్‌కు అనుమతి. ఈవెంట్ మొదలయ్యాక లీడర్ బాధ్యత వదలడం మీ వల్ల కాదు, కాబట్టి ఈ వారమే గిల్డ్‌లో ఇంకొకరికి అప్పగించండి. మామూలు సభ్యుడిగా, పైసా పెట్టకుండా ఎంత దూరం ఆడగలిగితే అంత దూరం ఆడుకోండి.