సిమ్యులేటర్‌లో సెస్నా అసలు విమానంలా ఎగురుతుందా?

"ఒంగోలులో ఫ్లయింగ్ క్లబ్ లేదు. ఇంట్లో కంప్యూటర్ మీదే సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నా. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరా, ఎక్స్-ప్లేన్ సిమ్యులేటరా, ఏది నిజానికి దగ్గర?" అని అడిగారు. మీ అవస్థ అర్థమవుతుంది. దొనకొండలో బ్రిటిషోళ్ల కాలం నాటి ఎయిర్‌ఫీల్డ్ ఊరికే పడుంది, దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. ఇక మిగిలింది కంప్యూటరే.

కానీ ఆ రెండింటి గొడవ తేలేది కాదు, తేలినా మీకు ఒరిగేదేం లేదు. ఎక్స్-ప్లేన్ రెక్కనీ ప్రొపెల్లర్‌నీ చిన్న ముక్కలుగా చేసి ఒక్కో ముక్క మీద గాలి బలం లెక్కగడుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా 2020 నుంచి దాదాపు అదే బాట పట్టారు. విమానం బొమ్మలా అనిపిస్తోందంటే ముప్పాతిక వంతు తప్పు మీ బల్ల మీదున్న జాయ్‌స్టిక్‌ది.

దాని లోపల స్ప్రింగ్ ఉంటుంది. విమానం నిలబడి ఉన్నా, 120 నాట్లలో (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) పోతున్నా ఆ స్ప్రింగ్ బిగువు ఒక్కటే. అసలు సెస్నాలో యోక్‌కి (స్టీరింగ్‌లా పట్టుకునే పిడికి) తగిలే బరువు గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నాట్ల దగ్గర ఒక మోస్తరుగా ఉన్న బరువు 120 దగ్గర నాలుగింతలు. పైలట్ చేతికి వేగం తెలిసేది ఆ బరువుతోనే. మీకు ఆ కబురు రాదు కాబట్టి కళ్లు స్పీడ్ ముల్లుకి అతుక్కుపోతాయి.

అసలు చిక్కు ట్రిమ్ దగ్గర, అంటే చేతి మీద బరువు పోగొట్టే సర్దుబాటు దగ్గర. నెల్లూరు పైన 2000 అడుగులకు ఎక్కి, ముక్కు దించి, ఇంజన్ 2300 ఆర్పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర పెట్టారనుకోండి. వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకి లేస్తుంది, మీరు స్టిక్ ముందుకు తోసి పట్టుకుంటారు. అసలు విమానంలో ఆ తోసిన చోటే ఉంచి, చేతి మీద బరువు పోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతారు. చెయ్యి వదిలినా యోక్ అక్కడే ఉంటుంది. స్ప్రింగ్ స్టిక్ అలా కాదు, వదిలితే మధ్యకే వస్తుంది. అందుకని ట్రిమ్ ఒక్కో నొక్కు నొక్కుతూ, అంతే మేర స్టిక్‌ని మెల్లగా వెనక్కి వదలాలి. స్టిక్ తోసి పట్టుకునే ట్రిమ్ చేస్తే రెండూ కలిసి ముక్కు కిందికి పొడుస్తుంది. అప్పుడు ఉలిక్కిపడి లాగుతారు. పెన్నా మీద ఆ ఎగుడుదిగుడు ప్రయాణం చూసి "ఈ గేమ్‌లో ఫిజిక్స్ బాలేదు" అని తీర్పు! ఇంకో మాట, వేగం నిలకడ పడకముందే ట్రిమ్ ముట్టుకోవద్దు. పవర్ మార్చాక కనీసం పది పదిహేను సెకన్లు ఆగండి. బటన్ నొక్కితే ట్రిమ్ మరీ ఎక్కువ కదులుతుంటే తిప్పే చక్రం ఉన్న థ్రాటిల్ కొనుక్కోవడమే దారి.

స్టిక్ మరీ చురుగ్గా ఉంటే మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ సెట్టింగుల్లో సెన్సిటివిటీ మైనస్ 30 దగ్గర మొదలుపెట్టండి. దాన్ని మైనస్ 70 దాకా లాగితే మధ్యలో మెత్తబడుతుంది గానీ అంచుల్లో ఒక్కసారిగా దూకుతుంది, దిగేటప్పుడు ముక్కు ఎత్తబోతే విమానం గాల్లోకి లేస్తుంది.

తర్వాత కాళ్లు, అంటే తోక మీది రడ్డర్‌ని తిప్పే పెడల్స్. ఆటో రడ్డర్, టేకాఫ్ సాయం లాంటివన్నీ ఆపేయండి. ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే సెస్నా ఎడమకి లాగాలి, అది లోపం కాదు. ప్రొపెల్లర్ తోసిన గాలి ఒంటి చుట్టూ తిరిగొచ్చి తోకని ఎడమ వైపు నుంచి కొడుతుంది. ముక్కు ఎత్తాక కిందికి దిగే బ్లేడు ఎక్కువ లాగి దానికి తోడవుతుంది. ఆపాల్సింది కుడి రడ్డర్‌తో. స్టిక్ కుడికి వంచితే లాభం లేదు. స్టిక్ మెలితిప్పి రడ్డర్ వాడేవాళ్లకి మణికట్టుతో పాటు రెక్క కూడా కుడికి ఒరుగుతుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు పెడల్స్ కొనండి అంటాను. యూట్యూబ్‌లో మాత్రం మైపాడు బీచ్‌లో అల ఎంత బాగా కనిపిస్తోందో చూపించడానికే అరగంట.

సాఫ్ట్‌వేర్‌ని నిజంగా పరీక్షించాలంటే అనుభూతిని నమ్మొద్దు, టేపు పట్టి కొలవండి. సెస్నా 172లో ఎస్ రకం మాన్యువల్ ప్రకారం సముద్ర మట్టంలో, పూర్తి బరువు 1157 కిలోలతో, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే రేకులు) 10 డిగ్రీలు, గాలి లేకుండా, ఫుల్ పవర్ వచ్చాక బ్రేకులు వదిలితే 15 డిగ్రీల ఎండలో నేల మీద పరుగు 960 అడుగులు. 40 డిగ్రీలైతే 1150 దాకా పోతుంది. మన నెల్లూరు మే నెల 42 డిగ్రీలంటే ఇంజనుకీ రెక్కకీ 3200 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. వాతావరణం చేత్తో సెట్ చేసి రెండుసార్లు ఎగిరి చూడండి. ఎండ పెరిగినా పరుగు పెరగకపోతే ఆ విమానం ఫైలే తప్పు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: పైలట్ ఒక్కడే, సగం ఇంధనం అని ముందే పెట్టి ఉన్న బరువు మార్చరు, లైవ్ వెదర్ ఆపరు. ఎదురుగాలి 9 నాట్లుంటే చాలు, పరుగు పదో వంతు తగ్గిపోతుంది.