పాత కారుకు సింథటిక్ ఆయిల్ పోసే ముందు

అమ్మాయీ,

మీ నాన్న మారుతి 800కి ఈసారి సింథటిక్ ఆయిల్ పోయిద్దామనుకున్నావనీ, షెడ్డులో మెకానిక్ "పాత బండికి అది పోస్తే సీళ్లన్నీ పోతాయి మేడం" అని భయపెట్టాడనీ చెప్పావు. ఫోన్‌లో సగం చెప్పేసరికే నీకు క్లాసు టైమైంది. మిగతాది రాస్తున్నా.

పోయించుకోవచ్చు. కానీ ఒక నెల ఆగు.

అతను అన్నది పూర్తిగా గాలిమాటేం కాదు. తొలిరోజుల్లో వచ్చిన కొన్ని సింథటిక్ ఆయిళ్లు అప్పటి రబ్బరు సీళ్లకు, అంటే ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగులకు, పడేవి కావు. ఇప్పటి ఆయిళ్లతో ఆ గొడవ లేదు. లోపల కాస్త పాత మినరల్ ఆయిల్, అదే మామూలు ఇంజిన్ ఆయిల్, మిగిలిపోయి దీంతో కలిసినా ఏమీ కాదు. మరి లీకులెందుకు మొదలవుతాయంటావా? నా అనుభవం చెప్తా విను.

టాక్సీ నడిపే రోజుల్లో నా పాత బండికి ముందూ వెనకా చూడకుండా సింథటిక్ పోయించాను. వారం తిరక్కుండానే ఒక పొద్దున బండి తీశాక మీ పెద్దమ్మ కల్లాపి చల్లితే, నీళ్ల మీద రంగురంగుల జిడ్డు తేలింది. మూడు రోజులు ఆవిడ చీపురుతో రుద్దడం, నన్ను తిట్టడం. నేనేమో ఆయిల్‌ని తిట్టడం. చివరికి ఇంజిన్ పైమూత, అదే ట్యాపెట్ కవర్, విప్పితే దాని కింద ఆయిల్ కారకుండా పెట్టే గ్యాస్కెట్ అప్పడంలా చేతిలోనే విరిగింది. అది ఎప్పుడో పోయింది. చుట్టూ పేరుకున్న మడ్డి అడ్డుపడి ఇన్నాళ్లూ ఆయిల్‌ని ఆపింది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేసింది, అంతే.

అందుకే ముందు ఇంజిన్ సంగతి చూడు. రాత్రి బండి పెట్టాక ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడు. చదునైన చోట ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక ఆయిల్ కొలిచే స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, ఆయిల్ ఎక్కడిదాకా ఉందో రాసిపెట్టుకో. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లే సన్న పైపు మడ్డితో మూసుకుపోయిందేమో కూడా చూపించు. అది మూసుకుంటే లోపలి గాలి బయటికి పోయే దారిలేక ఆయిల్‌ని సీళ్లలోంచి తోస్తుంది. చాలామంది ఆ పైపు వదిలేసి సీళ్లు మార్పిస్తారు.

ఇంకో పరీక్ష నీకు కొండ మీదే ఉంది. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్ కదా, ఆ మలుపుల్లో రెండో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతాం. అలిపిరి దాటాక యాక్సిలరేటర్ తొక్కగానే వెనక గుప్పున నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. వెనక బండిలో ఎవరైనా ఉంటే చూడమను, అద్దంలో నీకు సరిగ్గా కనపడదు. అదే ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద బరువు పడినకొద్దీ ఆగకుండా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగే ఇంజిన్‌కి సింథటిక్ పోయడం డబ్బు తగలేయడమే. దానికి మినరలే పోసి, ముందు పని చేయించు.

అన్నీ బాగుంటే, డబ్బా మీద నంబర్లు చూసి కొను. మీ నాన్న ఎప్పుడూ 20డబ్ల్యూ-40 వాడేవాడు. డబ్ల్యూ అంటే వింటర్. ముందు నంబరు చలిలో ఆయిల్ ఎంత తొందరగా పారుతుందో చెప్తుంది, వెనకది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. మన తిరుపతి ఎండలకు ఆ వెనక 40ని మాత్రం కదిలించకు. 10డబ్ల్యూ-40 గానీ 5డబ్ల్యూ-40 గానీ సింథటిక్‌లో తీసుకో. కొత్త కార్లకు పోసే 0డబ్ల్యూ-20 చవగ్గా ఇస్తానన్నా వద్దను, ఇరవై ఏళ్లకు దగ్గరపడ్డ ఇంజిన్‌కి అది మరీ పలచన. మూడు లీటర్ల డబ్బా సరిపోతుంది. మాన్యువల్‌లో చూసి ఆ కొలతే పోయించు, మిగిలింది టాపప్‌కి ఉంచుకో.

ఆయిల్ ఫిల్టర్ తప్పకుండా మార్పించు. పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా, పదీ ఇరవై రూపాయలకు కక్కుర్తి పడొద్దు. ఫ్లష్ పోసి ఇంజిన్ కడుగుతామంటే ఒప్పుకోకు. పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడివచ్చి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు. దానికి బదులు మొదటిసారి 2,500 కిలోమీటర్లకే మార్చేయ్. ఆ తర్వాత ఏడెనిమిది వేలకోసారి, తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి. నీ బండి ఇంటికీ కాలేజీకే తిరుగుతుంది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. లోపల చేరిన తేమ ఆరదు, ఆయిల్ చెడిపోతుంది.

అన్నట్టు, డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగేదాకా స్టిక్ చూడనక్కర్లేదనుకోకు. అది ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైటు. వెలిగిందంటే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే.

పాత ఆయిల్ కాలువలో పోయనివ్వకు, షెడ్డులో డ్రమ్ము ఉంటుంది. అట్టముక్క పెట్టిన మర్నాడు ఫోటో పంపు. చుక్కలు ముందువైపు ఉన్నాయా, గేర్‌బాక్స్ వైపా అన్నది తెలిస్తే ఏ సీలో చెప్తాను. ఆదివారం చిత్తూరు వస్తే ట్యాపెట్ కవర్ నేనే విప్పి చూస్తా. వచ్చేటప్పుడు కొత్త గ్యాస్కెట్ ఒకటి తెచ్చుకో.

మీ పెదనాన్న