మోడల్ బల్ల: ఈసారి డ్రాగ్‌స్టర్ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో సగం డ్రాగ్‌స్టర్ల మోడళ్ల గురించే వచ్చాయి. డ్రాగ్‌స్టర్ అంటే తిన్నని దారిలో కొద్ది దూరం పోటీ పరుగు తీసే పొడవాటి రేసు కారు. నాకు ప్రాణమైన విషయం కాబట్టి మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి, పేజీ అంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఇన్నాళ్లూ కిట్లు తెచ్చి అతికించడమే చేశానండీ. ఇప్పుడు 1:8 స్కేలులో (అసలులో ఎనిమిదో వంతు) పాతకాలపు టాప్ ఫ్యూయల్ (అన్నిటికన్నా వేగమైన తరగతి) డ్రాగ్‌స్టర్ ఒకటి మొదటి ముక్క నుంచి నేనే తయారు చేయాలని ఉంది. ఏ కారు ఎంచుకోమంటారు? ప్లాన్ దొరక్కపోతే కొలతలు ఎలా తీయాలి?

ఏదో ఒక డ్రాగ్‌స్టర్ అనుకుంటే పని సాగదండీ. ఫలానా కారు, ఫలానా పోటీ రోజు అని ముందే తేల్చుకోండి. అమెరికా స్ట్రిప్పుల మీద ఈ కార్లు సీజన్ మధ్యలోనే మారిపోయేవి. ఒక పోటీలో ఉన్న ఇంజెక్టర్ తర్వాతి పోటీలో ఉండేది కాదు, ముందు చక్రాలు మారేవి, రంగు కూడా మారేది. రెండు సంవత్సరాల ఫొటోలు కలిపి కడితే ఏనాడూ పరుగెత్తని కారు తయారవుతుంది.

కాలం ఎంచుకునేటప్పుడు ఒక తేదీ గుర్తుంచుకోండి. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో పేరున్న డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ పేలి, కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పటి స్లింగ్‌షాట్ కార్లలో ఇంజన్ ముందుంటే, డ్రైవర్ సీటు వెనక ఇరుసుకి కూడా వెనక. కాళ్లు ఇరుసు మీదుగా చాపుకుని కూర్చునేవాడు, క్లచ్చూ ట్రాన్స్‌మిషనూ ఆ కాళ్ల దగ్గరే ఉండేవి. కోలుకుంటూనే ఆయన ఇంజన్‌ని వెనక్కి నెట్టిన కారు తయారు చేయించి, 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ అనే పెద్ద పోటీ గెలిచాడు. తర్వాత కొద్ది ఏళ్లలోనే స్లింగ్‌షాట్లు టాప్ ఫ్యూయల్ నుంచి మాయమయ్యాయి.

మొదటి కారుకి నా ఓటు స్లింగ్‌షాట్‌కే. ముందు భాగమంతా దాదాపు గొట్టాలూ రేకే. అసలు పనంతా ఇంజన్ నుంచి వెనక్కే ఉంటుంది, ఏదీ మూత కింద దాగదు. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 200 అంగుళాలనుకుంటే 1:8లో 635 మి.మీ. వస్తుంది. బల్ల మీద అంత చోటుందో లేదో ముందే చూసుకోండి.

కొలతల సంగతి. కారులో 426 హెమీ (క్రైస్లర్ వాళ్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్, పక్కకి నాలుగు) ఉంటే మీ స్కేలుబద్ద ఫొటోలోనే ఉంది. హెమీలో స్పార్క్ ప్లగ్గులు వాల్వ్ కవర్ మధ్యలోంచి దిగుతాయి, నాలుగూ ఒకే వరసలో. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య దూరం 4.8 అంగుళాలు, ప్లగ్గుల మధ్య దూరమూ అంతే. 1:8లో అది 15.24 మి.మీ. కారుని సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి దొరికితే, ఆ దూరం 15.24 అయ్యేలా ప్రింట్ తీయించి, బ్లోయర్ (ఇంజన్‌లోకి గాలి దట్టించే పంపు), స్కూప్ (దాని మీది గాలి నోరు), ఎగ్జాస్ట్ గొట్టాలు దాని మీదే కొలుచుకోండి. ముందు చక్రాల దాకా మాత్రం దీన్ని నమ్మకండి. కెమెరాకి దూరం మారేకొద్దీ కొలత జారుతుంది. అక్కడికి వీల్‌బేస్ లెక్కే దిక్కు.

ప్రశ్న: ఇత్తడి గొట్టాలతో ఛాసిస్ (కారు అస్థిపంజరం) కడుతున్నాను. ఎంత జాగ్రత్తగా టంకం పెట్టినా చివరికి మెలితిరుగుతోంది. బల్ల మీద పెడితే ముందు చక్రం ఒకటి గాల్లో ఉంటోంది. ఏం చేయాలి?

మీ బాధ నాకు బాగా తెలుసు. నా మూడో డ్రాగ్‌స్టర్‌కి ఎడమ వైపు అతుకులన్నీ పూర్తి చేసి, ఆ తర్వాతే కుడి వైపు మొదలుపెట్టాను. అయిపోయాక చూస్తే ముందు ఎడమ చక్రం 2 మి.మీ. లేచి ఉంది. చేత్తో మెలిపెట్టి సరిచేయబోతే రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే గొట్టాల పంజరం) కింద నిలువు గొట్టం అతుకు ఊడింది. అన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టడానికి నాకు రెండు వారాలు మనసొప్పలేదు.

ఇత్తడి వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. టంకం గట్టిపడ్డాక గొట్టం ముడుచుకుంటూ పక్క గొట్టాన్ని తన వైపు లాగుతుంది. ఒక వైపే వరసగా పెడితే లాగుడంతా ఒక వైపే చేరుతుంది. కాబట్టి మందపాటి చదునైన చెక్క మీద ఛాసిస్ డ్రాయింగ్ అతికించి, గొట్టాలకి రెండు పక్కలా చిన్న చెక్కముక్కలు బిగించండి, ఇదే మన జిగ్. ప్రతి అతుక్కీ ముందు ఒక్క చుక్క టంకమే పెట్టండి. ఎడమ ఒకటి పెడితే కుడి ఒకటి, ముందు ఒకటి పెడితే వెనక ఒకటి. మొత్తం నిలబడ్డాక జిగ్‌లోంచి తీసి, అద్దం మీద పెట్టి, నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడండి. ఆనితేనే మళ్లీ జిగ్‌లో బిగించి, అదే వరసలో పూర్తి టంకం పెట్టండి. అడ్డ బ్రేసులు చివరికి. పక్క అతుకు కరగకుండా దాని మీద తడి దూది చుట్టండి.

ఇంకొకటి, చాలామంది తేలిగ్గా తీసుకునేది. గొట్టం కొసని అడ్డంగా కోసి ఇంకో గొట్టానికి ఆనిస్తే మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందుని టంకంతో నింపారంటే లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. గొట్టం ఎంత లావో అంతే లావు గుండ్రని ఆకురాయితో కొసని చేప నోరులా అరగదీయండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనిపించకూడదు. అసలు కారులో ఒకటింబావు అంగుళం గొట్టం 1:8లో దాదాపు 4 మి.మీ. అవుతుంది. అసలు వెల్డింగ్ గీత పావు అంగుళమే అనుకున్నా, మీ అతుకు దగ్గర 0.8 మి.మీ. అంచు మించి టంకం కనిపించకూడదు. మిగిలినదాన్ని గీకేయాలి. నేను పాత సూది ఆకురాయి కొసని ఉలిలా నూరి వాడతాను. ఒక్కో అతుక్కి పావుగంట పడుతుంది. ప్రైమర్ పడ్డాక చూడండి, ఉక్కుని వెల్డ్ చేసినట్టే ఉంటుంది. ఫ్లక్స్ (టంకం పట్టడానికి పూసే మందు) మాత్రం ఆ రోజే వేడినీళ్లు, సబ్బుతో కడిగేయండి, లేకపోతే పచ్చగా చిలుం పట్టి రంగుని లేపుతుంది.

ప్రశ్న: ఇంజన్‌కి తీగలు, గొట్టాలు, బోల్టులు అన్నీ పెట్టాను. అయినా బొమ్మలాగే ఉంది. ఇంకేం పెట్టాలి?

ఇంకేమీ పెట్టకండి, పెట్టినవి పలచన చేయండి. బొమ్మలా కనిపించేది మందం వల్లే. 8 మి.మీ. ప్లగ్ వైరు మీ దగ్గర 1 మి.మీ. ఉండాలి. 3/8 బోల్టు తల అసలులో 9/16 అంగుళం, మీ దగ్గర 1.8 మి.మీ. కూడా ఉండదు. రేకులకైతే కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించుకోండి. దాని గోడ దాదాపు 0.1 మి.మీ., ఎనిమిదితో హెచ్చిస్తే 0.8 మి.మీ. అసలు కార్ల అల్యూమినియం రేకు మందం దాదాపు అదే. దాని అంచుని ఒక్కసారి దగ్గరగా చూడండి, ప్లాస్టిక్ షీటుని మళ్లీ ముట్టుకోబుద్ధి కాదు.

మాగ్నెటో (ప్లగ్గులకి కరెంటు పుట్టించేది) వైర్లు అందంగా ఉన్నాయి కదా అని ఎలా పడితే అలా పెట్టకండి. హెమీ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2. ముందు నుంచి లెక్కపెడితే డ్రైవర్ ఎడమ చేతి వైపు 1, 3, 5, 7, కుడి వైపు 2, 4, 6, 8. పాత 392 హెమీలో మాగ్నెటో ఇంజన్ వెనక ఉంటుంది, 426లో ముందు ఉంటుంది. అది తప్పైతే తెలిసినవాళ్ల కన్ను మొట్టమొదట అక్కడికే వెళ్తుంది.

6-71 బ్లోయర్ మీద నెలలు గడిపినా నాకు విసుగు రాదు. అది మొదట జీఎంసీ డీజిల్ ఇంజన్ భాగం. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు, ఆ పేరు అలా వచ్చింది. దాని ఒంటి మీది పక్కటెముకల్ని విడివిడి స్టైరీన్ (మోడళ్లకి వాడే ప్లాస్టిక్) పట్టీలతో కట్టి, ప్రతి పట్టీ పై అంచుని ఒకే ఒక్కసారి సాండ్ పేపర్‌తో తడమండి. పోత పోసిన లోహానికి కత్తిలాంటి అంచు ఉండదు.

ప్రశ్న: అరవైల నాటి మెటల్‌ఫ్లేక్ రంగు (మెరిసే లోహపు రేణువులు కలిపింది) ఎలా తెప్పించాలి?

అసలు ఫ్లేక్ పొడి వాడితే 1:8లో ఒక్కో రేణువు నాణెమంత కనిపిస్తుంది. దొరికినంత సన్నని వెండి రంగు పొడిని క్లియర్‌లో (రంగులేని వార్నిష్) కలిపి చల్లి, దాని మీద పారదర్శకమైన రంగు పలచని పొరలుగా వేయండి. ఆఖరి క్లియర్‌ని 2000 నంబరు తడి సాండ్ పేపర్‌తో రుద్ది పాలిష్ చేయండి.

ప్రశ్న: మా అమ్మాయి త్రీడీ ప్రింటర్‌తో భాగాలు చేసిపెడతానంటోంది. అలా చేస్తే నేను సొంతంగా కట్టినట్టేనా?

ఫైలు మీరిద్దరూ కూర్చుని గీస్తే, నిస్సందేహంగా మీదే. ఎవరో గీసింది దించుకుంటే అది ఇంకో రకం కిట్టే అని నా అభిప్రాయం. అమ్మాయి చేత ముందు వాల్వ్ కవర్లు గీయించండి, ప్లగ్గుల మధ్య ఆ 15.24 మి.మీ. ఆమెకే వదిలేయండి. పొరల గీతలు పోయేదాకా ప్రైమర్, సాండింగ్ మీ వంతు. బ్లోయర్ బెల్టు మాత్రం గట్టి రెజిన్‌తో ప్రింట్ చేయొద్దు, పుల్లీ చుట్టూ తిప్పబోతే విరుగుతుంది. పలచని స్టైరీన్ పట్టీ మీద 1.6 మి.మీ.కి ఒక గీత చొప్పున అడ్డంగా గాడి కోసి, వేడినీళ్లలో ముంచి చుట్టండి. అది అసలు బెల్టు మీది అర అంగుళం పన్నుకి లెక్క.