రెండు టిక్కుల్లో అసలు సెకను ఏది?

ప్రశ్న: రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో 10 మెగాహెర్ట్జ్ పెడితే సెకనుకు రెండు టిక్కులు వస్తున్నాయి. ఒకటి గట్టిగా, వెంటనే ఇంకొకటి సన్నగా. ఒక్కోసారి చైనా భాషలో, ఒక్కోసారి ఇంగ్లీషులో ఆడగొంతు. రేడియో పాడైందా? గడియారం దేన్నిబట్టి పెట్టుకోవాలి?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రేడియో బాగానే ఉంది. మీకు ఒకే చోట రెండు కాలసంకేత స్టేషన్లు, అంటే సెకను సెకనుకూ టిక్కు కొట్టి టైము చెప్పేవి, పడుతున్నాయి. గట్టిది చైనాలోని పుచెంగ్ నుంచి వచ్చే బీపీఎం. సన్నది హవాయిలోని డబ్ల్యూడబ్ల్యూవీహెచ్. కొలరాడోలోని డబ్ల్యూడబ్ల్యూవీదీ ఇదే ఫ్రీక్వెన్సీ, కాకపోతే అక్కడ టైము చెప్పేది మగగొంతు. 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లను కాలసంకేతాలకే కేటాయించారు గనక అందరూ అక్కడే చేరారు.

ముందొచ్చిన టిక్కే సరైనదనుకోకండి. పక్కవాళ్ల టిక్కు మీద పడకుండా బీపీఎం తనదాన్ని 20 మిల్లీసెకన్లు ముందే వదులుతుంది. పుచెంగ్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 3,600 కిలోమీటర్లు, అంటే 12 మిల్లీసెకన్ల ప్రయాణం. కాబట్టి ఆ టిక్కు అసలు సెకను కన్నా సుమారు 8 మిల్లీసెకన్లు ముందే మీకు చేరుతుంది. హవాయి 12,300 కిలోమీటర్లు. అక్కడిది 41 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం. రెంటికీ మధ్య ఆ 50 మిల్లీసెకన్లే మీరు వింటున్న జంట టిక్కు. మన ఢిల్లీ కాలసంకేత స్టేషన్ ఏటీఏ నడిచిన రోజుల్లో దాని టిక్కూ 50 మిల్లీసెకన్లు ముందుగా వచ్చేది. చేతిగడియారానికి ఈ తేడాలు లెక్కలోకి రావు.

అసలు మోసం వేరేచోట ఉంది. ప్రతి గంటలో 25 నుంచి 29, 55 నుంచి 59 నిమిషాల మధ్య బీపీఎం ఇచ్చేది యూటీ1, అంటే భూభ్రమణం లెక్కన టైము. దీనికీ ప్రపంచ ప్రామాణిక టైమైన యూటీసీకీ 0.9 సెకను దాకా తేడా ఉండొచ్చు. అప్పుడు టిక్కు పొట్టిగా కాక 100 మిల్లీసెకన్లు సాగి ‘పిప్’మంటుంది. అది విన్నప్పుడు గడియారం ముట్టుకోకండి.

హవాయి టిక్కు విడిగా కావాలంటే 10 నుంచి 15, 40 నుంచి 45 నిమిషాల మధ్య వినండి. బీపీఎం అప్పుడు ఒట్టి క్యారియరే, అంటే టిక్కుల్లేని రేడియో తరంగమే పంపుతుంది. మన టైముకీ యూటీసీకీ ఐదున్నర గంటల తేడా ఉన్నా ఇబ్బంది లేదు, 10 కాస్తా 40, 40 కాస్తా 10 అవుతాయంతే. స్వరం తేడా కూడా పట్టొచ్చు: బీపీఎం టిక్కు 1,000 హెర్ట్జ్, హవాయిది 1,200. ఇవేవీ వద్దనుకుంటే మధ్యాహ్నం రెండున్నర దాటాక 15 మెగాహెర్ట్జ్‌కు వెళ్లండి, ఆ వేళకు అక్కడ బీపీఎం ఆపేస్తారు.

ప్రశ్న: ఇన్ని స్టేషన్లు కలిసిపోతే డయల్ సరిచూసుకోవడానికి 10 మెగాహెర్ట్జ్ పనికొస్తుందా? మధ్యలో సన్నని ఈల కూడా వస్తోంది.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. కలగాపులగమయ్యేది టిక్కులే, క్యారియర్లన్నీ అణుగడియారాలకు కట్టేసినవి. యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో 9,999 కిలోహెర్ట్జ్ పెట్టి, ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ తెరవండి. గీత 1,000 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. 1,020 చూపిస్తే మీ రేడియో 20 హెర్ట్జ్ కిందకి జారినట్టు. గీత కాస్త అటూ ఇటూ ఊగితే అది షార్ట్‌వేవ్‌ను తిప్పిపంపే పైవాతావరణపు పొర అయనోస్ఫియర్ కదలిక, ఓ నిమిషం చూసి సగటు తీసుకోండి.

ఈల మాస్కో కాలసంకేత స్టేషన్ ఆర్‌డబ్ల్యూఎంది కావచ్చు. అది 9,996 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది గనక ఏఎంలో 4 కిలోహెర్ట్జ్ ఈలగా తగులుతుంది. ప్రతి అరగంటలో మొదటి 8 నిమిషాలు ఏకధాటిగా, 10 నుంచి 20 దాకా సెకనుకొక ముక్కగా వస్తే అదే. ఫిల్టర్ 4 కిలోహెర్ట్జ్‌కో, ఇంకా ఇరుకుకో మార్చండి, పోతుంది.