గని దిబ్బల మీద చెట్లు పెంచే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ చివరి సంవత్సరం. బోటనీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ. గనులు తవ్వి వదిలేసిన నేలలో సూక్ష్మజీవుల సాయంతో చెట్లు పెంచే పని చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ఉద్యోగమో, బీఎడ్డో నయమని నా ఉద్దేశం. అసలు అలాంటి ఉద్యోగాలున్నాయా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ రాదు. గనుల కంపెనీల పర్యావరణ విభాగాలు, అనుమతుల నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు, జీవన ఎరువుల యూనిట్లు, పరిశోధన సంస్థల ప్రాజెక్టులు... ఈ పని వీటన్నిటిలో కలిసిపోయి ఉంటుంది. గని మూశాక నేలను ఎలా బాగుచేస్తారో ప్లాన్ ఇవ్వడం కంపెనీలకు తప్పనిసరి. తవ్వకం పూర్తయిన చోట మళ్లీ గడ్డి పెంచాలన్న షరతు లీజుల్లో పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక పని సంగతి. గని తవ్వితే పై మట్టి పోయి అడుగునున్న రాళ్లూ రప్పలూ పైకొస్తాయి. సింగరేణి వైపు దాన్ని ఓబీ (ఓవర్‌బర్డెన్) అంటారు. అందులో నత్రజని, సేంద్రియ పదార్థం దాదాపు ఉండవు. మైకోరైజా అనే శిలీంధ్రం వేరు చొరలేని సందుల్లోకి దారాల్లా పాకి భాస్వరం, నీరు తెచ్చిస్తుంది. చెట్టు దానికి చక్కెర పెడుతుంది. కానుగ వేళ్ల బుడిపెల్లో రైజోబియం, సరుగుడు వేళ్లలో ఫ్రాంకియా అనే బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందే రూపంలోకి మారుస్తాయి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ గుమ్‌గావ్ మాంగనీసు గని దిబ్బల మీద ఈ పద్ధతిలోనే చెట్లు పెంచింది. అయితే సూక్ష్మజీవులతో పాటు చక్కెర మిల్లుల నుంచి వచ్చే ప్రెస్‌మడ్‌ అనే మడ్డి కూడా వేశారు. తిండి లేని నేలలో ఒక్క పొడి చల్లి అడవి రప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. గట్టిపడిన నేలను దున్నాలి, వాలు సరిచేయాలి, మొదటి వేసవుల్లో నీళ్లు పోయాలి.

మీ అమ్మాయికి ముందే తెలియాల్సింది ఇంకొకటుంది. వేరు లోపల కాపురముండే ఆ మైకోరైజా పెట్రి డిష్‌లో మామూలు బాక్టీరియాలా పెరగదు. దానికి బతికున్న వేరు కావాలి. అందుకే మొక్కజొన్న, జొన్న కుండీల్లో పెంచి, ఆ మట్టినీ వేళ్లనూ నర్సరీ సంచుల్లో కలుపుతారు. కాలేజీ ల్యాబ్ ఇష్టం కదా అని ఈ దారి పడితే సగం రోజులు మట్టి జల్లిస్తూ, ఎండలో మొక్కలు లెక్కపెడుతూ గడుస్తాయి. ఇది నచ్చేవాళ్లూ ఉంటారు, నచ్చక మానేసేవాళ్లూ ఉంటారు. ఈ వేసవిలో లెక్చరర్ సాయంతో, అనుమతి తీసుకుని, పిడుగురాళ్ల వైపు ఏదైనా సున్నపురాయి క్వారీ అంచున పెరిగే చెట్ల వేళ్ల దగ్గరి మట్టి తెచ్చి, జల్లించి, మైక్రోస్కోపు కింద ఆ శిలీంధ్రం స్పోర్లు (సిద్ధబీజాలు) చూడమనండి. పెద్ద ఖర్చేమీ లేదు. తన ఇష్టం ఎంత నిజమో తనకే తెలుస్తుంది.

చదువుకు, ఏపీ పీజీసెట్ రాస్తే నాగార్జున యూనివర్సిటీలో మైక్రోబయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ రెండూ దొరుకుతాయి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీకి బోటనీ, కెమిస్ట్రీ చదివినవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. నన్నడిగితే అదే మొదటి ప్రయత్నం. మైక్రోబయాలజీ పునాది ఎలాగూ ఉంది. చెట్టు, నేల గురించే తక్కువ తెలుసు. తర్వాత జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఆ ఎమ్మెస్సీతో పాటే నెట్‌కు చదవడం మొదలుపెట్టాలి.

బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. క్యూసీలో చేరాక మళ్లీ చదువుకు వచ్చే పిల్లలు మాత్రం తక్కువ. ఒకవేళ ఇంటికి దగ్గర్లోనే ఉద్యోగం చేయాలన్నది మీ షరతైతే, ఆ మాట ఇప్పుడే చెప్పేయండి. ఈ పని గనులున్న చోటే ఉంటుంది.